పిల్లలకు ట్యూషన్ చెప్పేవారిని ఎంచుకునేటప్పుడు ఏం చూడాలి?

ఏడోతరగతి_అమ్మ

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మాయి ఏడో తరగతి చదువుతోంది. భాషలు, సాంఘికశాస్త్రం ఎవరి సాయమూ అక్కర్లేకుండా చదువుకుంటుంది గాని, లెక్కల్లో మాత్రం భిన్నాలు, దశాంశాలు మొదలైనప్పటి నుంచి మార్కులు తగ్గుతూ వస్తున్నాయి. ఇంట్లో మేము చెప్పబోతే పది నిమిషాల్లో అది గొడవగా మారుతోంది. అందుకని ట్యూషన్ పెట్టించాలని అనుకున్నాము.

విచారిస్తే ముగ్గురు దొరికారు. ఒకరు చాలాకాలం బడిలో లెక్కలు చెప్పి పదవీ విరమణ చేసిన మాస్టారు. రెండోవారు ఇంజనీరింగ్ చదువుతున్న అమ్మాయి, తను చదివిన ప్రతి తరగతిలోనూ లెక్కల్లో మొదటి స్థానంలో నిలిచిందని చెప్పారు. మూడోవారు ఆన్‌లైన్‌లో చెప్పే టీచరు, తన దగ్గర చేరిన పిల్లలందరికీ మంచి మార్కులు ఖాయమని ఆవిడ ప్రకటన. ముగ్గురి గురించీ తెలిసినవాళ్ళు మంచిగానే చెబుతున్నారు. దేన్ని బట్టి ఒకరిని ఎంచుకోవాలో, మొదటి మాటల్లో ఏమేం అడగాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరని కోరుతున్నాను.

నిదానం

అమ్మా, ఎవరిని పెట్టాలన్న ప్రశ్నకు ముందు, దేనికి పెడుతున్నామన్న ప్రశ్న ఒకటి ఉంటుంది. లెక్కల్లో వెనకబడిన పిల్లలందరికీ కారణం ఒకటే కాదు. పునాది ఎక్కడో కిందటి తరగతిలోనే కదిలినవారు ఉంటారు. విషయం తెలిసీ తొందరపాటుతో అంకెలు తప్పుగా ఎత్తిరాసేవారు ఉంటారు. బడిలో పక్కవాళ్ళు నవ్వుతారన్న భయంతో సందేహం అడగనివారు ఉంటారు. కొందరికైతే బోర్డు మీది అక్షరాలే సరిగా కనబడవు, ఆ సంగతి వాళ్ళకే తెలియదు, ఎందుకంటే అందరికీ అలాగే కనబడుతుందని వాళ్ళు అనుకుంటారు. చూపు, వినికిడి ఒకసారి పరీక్ష చేయించడం ఏ ట్యూషన్ కన్నా ముందు జరగవలసిన పని.

మరొక మాట. క్లాసులో లెక్కల టీచరుతో ఒకసారి కూర్చుని మాట్లాడండి. ‘మా అమ్మాయికి మార్కులు ఎందుకు తగ్గాయి’ అని అడిగితే ‘శ్రద్ధ పెట్టడం లేదు’ అన్న జవాబే వస్తుంది. ‘ఏ పాఠం దగ్గర ఆగిపోతోంది, నోటుపుస్తకంలో ఏ రకం తప్పులు ఎక్కువగా చూస్తున్నారు’ అని అడిగితే పనికొచ్చే సంగతి ఏదో ఒకటి బయటపడుతుంది. కావలసినది రెండు నెలల సాయమా, రెండేళ్ళ సాయమా అన్నది తేలితే, ఎవరు తగినవారన్నది సగం తేలినట్టే.

నల్లబల్ల

నిదానం గారు చెప్పినది నిజం. ఆ రెండో సగం గురించి నేను చెబుతాను. చాలా ఏళ్ళుగా బడిలోనూ, ఇంటి దగ్గరా పిల్లలకు లెక్కలు చెబుతున్నాను గనుక నా మాటలో కొంత వృత్తి పక్షపాతం ఉంటే ఉండవచ్చు.

తల్లిదండ్రులు మమ్మల్ని చూడటానికి వచ్చినప్పుడు సాధారణంగా చదువు, అనుభవం, ఫీజు, సమయం అడుగుతారు. అడగవలసినవే, కాని వాటి వల్ల ఆ మనిషి బోధన ఎటువంటిదో తెలియదు. మీ అమ్మాయి ఈమధ్య రాసిన పరీక్ష పేపర్లు, దిద్దినవి, వెంట తీసుకువెళ్ళండి. ఆ ముగ్గురి చేతికీ ఇచ్చి, ఏమీ చెప్పకుండా ఊరుకోండి. మార్కు చూసి పేపరు పక్కన పెట్టేవారు ఒకరకం. తప్పు లెక్క పక్కన సరైన లెక్క చేసి చూపించేవారు రెండోరకం. ఆ తప్పు జవాబు పిల్లకు ఎలా వచ్చి ఉంటుందా అని దాన్నే పట్టుకుని ఆలోచించేవారు మూడోరకం. మీకు కావలసింది ఆ మూడోరకం.

ఎందుకో ఒక ఉదాహరణ చూపిస్తాను. 52లోంచి 38 తీసివేయమంటే ఒక పిల్లవాడు 26 అని రాశాడనుకోండి. అది తొందరపాటు కాకపోవచ్చు. వాడు ఒకట్ల స్థానంలో 2లోంచి 8 పోదు గనుక 8లోంచి 2 తీసి 6 వేశాడు, పదుల స్థానంలో 5లోంచి 3 తీసి 2 వేశాడు. పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీయాలన్నది వాడు సొంతంగా కట్టుకున్న సూత్రం, ఆ సూత్రాన్ని తప్పకుండా పాటిస్తున్నాడు. వాడికి ‘ఇంకోసారి జాగ్రత్తగా చెయ్యి’ అని చెబితే ఇంకోసారి జాగ్రత్తగా 26 అనే రాస్తాడు. అలాగే 0.125, 0.5లలో ఏది పెద్దదని అడిగితే మొదటిదే పెద్దదని చాలామంది చెబుతారు, ఎందుకంటే 125 అన్నది 5 కన్నా పెద్దదని వాళ్ళకు తెలుసు. మీ అమ్మాయికి కష్టం దశాంశాల దగ్గర మొదలైందని రాశారు గనుక ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను. పిల్ల మనసులో ఉన్న తప్పు సూత్రం ఏదో కనిపెట్టని మనిషి ఎంత బాగా పాఠం చెప్పినా అది ఆ సూత్రం పక్కనుంచి పోతుంది.

ముందుచూపు

మాస్టారి మాటల మీద గౌరవంతోనే కొంత భిన్నంగా చెప్పదలచుకున్నాను. ఇదంతా వినడానికి బాగుంది, కాని బడి ఆగదు. ట్యూషన్‌లో చెప్పేవారు కింది తరగతి దశాంశాలు తవ్వుతూ ఉంటే, బడిలో బీజగణితం నడిచిపోతూ ఉంటుంది. వచ్చే పరీక్షలో మార్కులు ఇంకా తగ్గితే పిల్లకు మిగిలిన కాస్త ధైర్యమూ పోతుంది. మా ఇద్దరు పిల్లలకు ట్యూషన్ పెట్టించిన అనుభవంతో చెబుతున్నాను. బడిలో నడుస్తున్న పాఠ్యాంశం, అక్కడి ప్రశ్నపత్రం తీరు, జవాబులో ఏ మెట్టుకు ఎన్ని మార్కులు ఇస్తారన్నది తెలిసినవారే ఆచరణలో పనికొస్తారు. పై చదువుల లెక్కలు వచ్చిన మేధావి, ఏడో తరగతి పుస్తకం తెరిచి చూడకుండా వచ్చి కూర్చుంటే ప్రయోజనం లేదు.

నల్లబల్ల

ముందుచూపు గారూ, మన మాటల్లో నిజంగా విరోధం ఉన్నదని నేను అనుకోను. గంట సమయంలో కొంత పాత గొయ్యి పూడ్చడానికి, కొంత బడి పాఠంతో కలిసి నడవడానికి పంచుకోవలసిందే. నేను ఒప్పుకోనిది ఒక్కటే, గంట మొత్తం రేపటి హోంవర్క్ పూర్తి చేయించడానికే పోయే ట్యూషన్. నోటుపుస్తకం నిండుగా కనబడుతుంది, ఇంట్లో అందరికీ నిశ్చింతగా ఉంటుంది, పరీక్షలో పక్కన మాస్టారు ఉండరు గనుక పిల్ల చేతులెత్తేస్తుంది. అందువల్ల ఆ ముగ్గురినీ ‘మీరు హోంవర్క్ చేయిస్తారా’ అని అడిగి చూడండి. ‘తను ప్రయత్నించి ఆగిపోయిన లెక్క వరకే చూస్తాను’ అని చెప్పినవారి మీద నాకు నమ్మకం కుదురుతుంది.

చదువరి

ఈ విషయం మీద జరిగిన పరిశోధనలు కొన్ని చదివి ఉన్నాను గనుక, చర్చకు పనికొచ్చేంత వరకు చెబుతాను.

ట్యూషన్ గొప్పతనం గురించి చెప్పేవారంతా విద్యా పరిశోధకుడు బెంజమిన్ బ్లూమ్ 1984లో రాసిన వ్యాసాన్ని ఎత్తి చూపుతారు. ఒక్కొక్క పిల్లవాడికి ఒక్కొక్క బోధకుణ్ణి పెట్టి చెప్పిస్తే, మామూలు తరగతిలో చదివేవారిలో నూటికి 98 మందిని మించిపోయే స్థాయికి సగటు విద్యార్థి చేరుకున్నాడని అందులో ఉంది. కాని ఆ ప్రయోగాలు కొద్ది వారాల పాటు జరిగినవి, పైగా అక్కడి పిల్లలు ఒక అంశంలో మంచి పట్టు సాధించిన తరువాతే పై అంశానికి వెళ్ళారు. తరువాతి పరిశోధనలను కూడదీసి చూసిన కర్ట్ వాన్‌లెన్, 2011లో ఆ ప్రభావం బ్లూమ్ చెప్పిన దానిలో సగం కూడా లేదని, అయినా అది తీసివేయదగినది కాదని తేల్చాడు. కనుక ట్యూషన్ పెట్టించినంత మాత్రాన అద్భుతం జరుగుతుందని ఆశించడం తగదు, అలాగని దండగ అనీ చెప్పలేము.

నాకు అంతకన్నా ఆసక్తికరంగా తోచినది మిషెలీన్ చీ, ఆమె సహచరులు 2001లో ప్రచురించిన పరిశోధన. ఎనిమిదో తరగతి పిల్లలకు రక్తప్రసరణ గురించి నేర్పే బోధకులను, ఒక విడతలో ఏమీ వివరించి చెప్పవద్దని, పిల్లల చేత మాట్లాడించే ప్రశ్నలు మాత్రమే వేయమని కట్టడి చేశారు. ఆ పిల్లలు కూడా, వివరణ విన్న పిల్లలతో సమానంగానే నేర్చుకున్నారు. బాగా వివరించడమే మంచి బోధకుడి లక్షణమని మనమంతా అనుకుంటాము గదా, ఆ లెక్క కొంత సరిచూసుకోవాలి. పిల్లవాడు తను తెలుసుకున్నదాన్ని తన నోటితో చెప్పే అవకాశం ఎంతసేపు దొరుకుతోందన్నది చూడాలి.

ఇంకొకటి, మేరీ బడ్ రో అనే ఆవిడ తరగతి గదుల్లో జరిగే సంభాషణలను టేపు మీద రికార్డు చేసి పరిశీలించింది. టీచర్లు ప్రశ్న వేసిన తరువాత జవాబు కోసం సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారు. ఆ ఆగడాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, తెలియదని ఊరుకునేవారు తగ్గారు. నమూనా క్లాసు చూసేవారు చేతి గడియారం అక్కర్లేకుండానే ఈ సంగతి గమనించవచ్చు.

సున్నా

ఇంజనీరింగ్ చదువుతూ ట్యూషన్లు చెప్పేవారిలో నేనూ ఒకణ్ణి గనుక ఆ రెండో అమ్మాయి తరఫున రెండు మాటలు. వయసు దగ్గరగా ఉండటం వల్ల పిల్లలు మాతో త్వరగా కలిసిపోతారు, తెలియనిది తెలియదని చెప్పడానికి జంకరు. అది మాకున్న బలం. లెక్కలు మాకు సునాయాసంగా వచ్చేయడమే మాకున్న బలహీనత. ఒక మెట్టు ఎందుకు అర్థం కాలేదో మాకు తోచదు, ‘ఇందులో ఏముంది’ అన్న మాట నోటిదాకా వస్తుంది. నా దగ్గర చదువుతున్న ఒక అబ్బాయికి 1/2కు 1/3 కలపమంటే పైవి పైన, కిందవి కింద కలిపి 2/5 అని రాశాడు. నేను నియమం మళ్ళీ చెప్పబోయి ఆగి, ‘సగానికి ఇంకొంత కలిపావు గదా, వచ్చింది సగం కన్నా తక్కువ ఉందేమిటి’ అని అడిగాను. వాడు కాసేపు ఆ కాగితం వంకే చూసి, తనంతట తనే దాన్ని కొట్టేశాడు. కసాగు (కనిష్ట సామాన్య గుణిజం) గురించి ఆ తరువాతే మాట్లాడుకున్నాము.

అందుచేత ఆ అమ్మాయికి ఎన్ని మార్కులు వచ్చాయన్నది పక్కన పెట్టి, ఒక తేలిక సంగతి అడగండి. భిన్నాన్ని భిన్నంతో భాగించేటప్పుడు రెండోదాన్ని ఎందుకు తలకిందులు చేస్తామో ఏడో తరగతి పిల్లకు చెప్పినట్టు చెప్పమనండి. ‘అది నియమం, అంతే’ అన్న జవాబు వస్తే నాకైతే సందేహమే. ఇంకొక విషయం, మా పరీక్షల కాలంలో మేము కొన్ని వారాలు రాలేము. మీ అమ్మాయి పరీక్షలూ అప్పుడే పడితే ట్యూషన్ చెప్పే అమ్మాయి ఏం చేస్తుందో ముందే మాట్లాడుకోవడం మంచిది.

కనురెప్ప

చదువు సంగతి మీరంతా చెబుతున్నారు గనుక, ఎవరూ ఎత్తని సంగతి నేను ఎత్తుతాను. వచ్చేవారు ఎంత పెద్దవారైనా, ఎంత తెలిసినవారైనా, ఆడైనా మగైనా, పిల్లకు భద్రత విషయంలో నియమాలు ఒకేలా ఉండాలి. ఇంట్లో పదిమంది తిరిగే చోట, లేదా తలుపు తెరిచి ఉన్న గదిలో కూర్చోవాలి. పెద్దవాళ్ళెవరూ లేని సమయంలో క్లాసు పెట్టకూడదు. ట్యూషన్ మాస్టారు పిల్లతో ఫోన్‌లో విడిగా సందేశాలు నడపకూడదు, ఏదైనా పంపవలసి ఉంటే తల్లిదండ్రులు కూడా ఉన్న గ్రూపులోనే పంపాలి. ఇంతకుముందు వారి దగ్గర చదివిన పిల్లల తల్లిదండ్రులు కనీసం ఇద్దరితో మీరే స్వయంగా ఫోన్ చేసి మాట్లాడాలి, వాళ్ళు ఇచ్చిన మెచ్చుకోలు ఉత్తరాలు చూసి సరిపెట్టుకోకూడదు. ఆ మాట్లాడేటప్పుడు ‘బాగా చెబుతారా’ అని కాకుండా ‘ఎందుకు మానేశారు’ అని అడిగితే నిజం తెలుస్తుంది.

ఈ నియమాలు చెప్పినప్పుడు నొచ్చుకునేవారిని పెట్టుకోకపోవడమే మేలు. వృత్తిగా చేసేవారు వీటిని తామే ముందు అడుగుతారు, ఎందుకంటే ఇవి వాళ్ళకూ రక్షణే.

పిల్లకు కూడా ఒక మాట చెప్పి ఉంచండి. ఏ కారణమూ చెప్పకుండానే ‘వీరి దగ్గర నాకు వద్దు’ అనే హక్కు తనకు ఉందని, అలా అంటే మీరు దాన్ని బద్ధకం కింద జమకట్టరని తనకు తెలియాలి.

వెనుకబెంచీ

నేను పదో తరగతి చదువుతున్నాను. పెద్దలందరూ మాట్లాడుతున్న చోట నాకూ ఒకటి చెప్పాలని ఉంది. నాకు ఇప్పటిదాకా ఇద్దరు ట్యూషన్ టీచర్లు చెప్పారు. మొదటివారు చాలా బాగా చెప్పేవారు, ఆయన చెబుతుంటే అంతా వచ్చేసినట్టే ఉండేది. ఇంటికి వెళ్ళి పుస్తకం మూసి చేస్తే ఒక్కటీ వచ్చేది కాదు. ఇప్పుడు చెబుతున్న మేడం క్లాసు మొదట్లోనే కిందటి వారం చెప్పినదాంట్లోంచి నాలుగు లెక్కలు ఇచ్చి, ఏదీ చూడకుండా చేయమంటారు. మొదట్లో నాకు చాలా కోపం వచ్చేది, ఇప్పుడు రావటం లేదు.

అలాగే దయచేసి క్లాసు అయిన వెంటనే మా ముందే టీచరును ‘ఎలా చదువుతోంది’ అని అడగకండి. ఆవిడ ఏం చెప్పినా మాకు ఇబ్బందిగానే ఉంటుంది.

చదువరి

వెనుకబెంచీ, నీ మేడం చేస్తున్నదానికి మంచి ఆధారమే ఉంది. రోడిగర్, కార్పికే అనే ఇద్దరు 2006లో ప్రచురించిన ప్రయోగంలో, ఒక పాఠాన్ని రెండుసార్లు చదివినవారిని, ఒకసారి చదివి రెండోసారి చూడకుండా గుర్తు చేసుకుని రాసినవారిని పోల్చి చూశారు. అయిదు నిమిషాల తరువాత అడిగితే రెండుసార్లు చదివినవారే కొద్దిగా ముందున్నారు. వారం తరువాత అడిగితే వాళ్ళకు పాఠంలో 42 శాతమే గుర్తుంది, రాసి చూసుకున్నవారికి 56 శాతం గుర్తుంది. అంతా వచ్చేసినట్టు అనిపించడానికీ నిజంగా రావడానికీ ఉన్న తేడా అది. కనుక ‘కిందటి వారం పాఠం వచ్చిందో లేదో మీకు ఎలా తెలుస్తుంది’ అన్నది బోధకులను అడగదగిన ప్రశ్న.

ఏడోతరగతి_అమ్మ

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. కళ్ళ పరీక్ష చేయించాము, చూపు బాగానే ఉంది. నల్లబల్ల గారు చెప్పినట్టు దిద్దిన పేపర్లు పట్టుకుని ముగ్గురితోనూ ఒక్కొక్క నమూనా క్లాసు పెట్టించాను. పక్క గదిలో కూర్చుని విన్నాను, ఆన్‌లైన్ క్లాసైతే కాస్త వెనకగా కూర్చుని చూశాను.

పెద్ద మాస్టారు పేపరు చూసి, పునాది లేదని తల పంకించి, దశాంశాలు మొదటినుంచీ చెప్పుకొచ్చారు. ఆయన చెబుతుంటే నాకే ఎన్నాళ్ళగానో ఉన్న సందేహం ఒకటి తీరిపోయింది, అంత చక్కగా చెప్పారు. మా అమ్మాయి మాత్రం గంట సేపట్లో ‘ఊ’, ‘అర్థమైంది సార్’ తప్ప వేరే మాట మాట్లాడలేదు.

ఇంజనీరింగ్ అమ్మాయి మొదట్లో తడబడింది. పాఠం తయారుచేసుకుని వచ్చింది గాని, అయిదు నిమిషాలకే దాన్ని పక్కన పెట్టి, ‘8+4 = □+5, ఆ గడిలో ఎంత వేస్తావు’ అని అడిగింది. మా అమ్మాయి 12 అంది. ‘ఎలా వచ్చింది’ అంటే ‘ఎనిమిదీ నాలుగూ పన్నెండు గదా’ అంది. ఆ అమ్మాయి కాదు అనకుండా, ‘మరి ఆ పక్కన ఉన్న 5 ఏం చేస్తోంది అక్కడ’ అని అడిగి ఊరుకుంది. చాలాసేపు ఇద్దరూ మాట్లాడలేదు, నాకు వెళ్ళి చెప్పేద్దామనిపించింది. చివరికి మా అమ్మాయి ‘రెండు పక్కలా ఒకటే రావాలా’ అని అడిగింది.

ఆన్‌లైన్ టీచరు చాలా ఉత్సాహంగా, రంగురంగుల బొమ్మలతో చెప్పారు. ప్రశ్నలు కూడా వేశారు, మా అమ్మాయి ఎక్కువ వాటికి సరైన జవాబే నొక్కింది. ఇక్కడ నాకు ఎటూ పాలుపోవడం లేదు.

నల్లబల్ల

అమ్మా, ఆ 8+4 ప్రశ్న సామాన్యమైనది కాదు. చదువరి గారు చెబుతారేమో అనుకున్నాను, నేనే చెబుతాను. 1999లో వెలువడిన ఒక అధ్యయనంలో ఆరో తరగతి పిల్లలు 145 మందిని ఈ ప్రశ్న అడిగితే ఒక్కరు కూడా 7 అని సరిగా రాయలేదు. ఎక్కువమంది 12 అన్నారు, కొందరు కనబడినవన్నీ కూడి 17 అన్నారు. సమానం గుర్తు అంటే ‘ఇక జవాబు రాయి’ అని పిల్లలు అనుకుంటారు. బీజగణితంలో అడుగు పెట్టగానే ఆ అభిప్రాయం కొంప ముంచుతుంది. రెండు పక్కలా తూగాలన్న ఆలోచన లేని పిల్లకు పక్షాంతరం చేస్తే, అంటే ఒక పదాన్ని సమానం గుర్తుకు అవతలి పక్కకు మారిస్తే, దాని ప్లస్ మైనస్ గుర్తు ఎందుకు మారుతుందో ఎన్నటికీ అర్థం కాదు, బట్టీ పట్టవలసిందే. ఆ అమ్మాయి తన పాఠాన్ని పక్కన పెట్టి ఈ ప్రశ్న వేసిందంటే, మీరిచ్చిన పేపర్లలో ఏదో చూసే వేసి ఉంటుంది.

పెద్ద మాస్టారిని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు, ఆయనా నేనూ ఒక తరం వాళ్ళమే అయి ఉంటాము. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెబుతారని మమ్మల్ని అందరూ మెచ్చుకుంటారు. ఒలవడం మాత్రం మా చేతిలోనే ఉండిపోతుంది. అయితే ఆయనను ఒకసారి, ‘తన చేత కొంచెం మాట్లాడించండి’ అని అడిగి మరో క్లాసు చూసి ఉంటే బాగుండేది. మొదటి పరిచయంలో పెద్దవాళ్ళం కాస్త ఎక్కువే మాట్లాడతాము.

తెర_మీద

నేను ఆన్‌లైన్‌లో భౌతికశాస్త్రం చెబుతాను. ఏడోతరగతి_అమ్మ గారి సందేహానికి నా జవాబు ఇది. తెర మీద చెప్పడం తనంతట తాను లోపం కాదు, ఆ టీచరుకు మీ అమ్మాయి కలం కదలిక కనబడుతోందా లేదా అన్నదే తేల్చుకోవలసిన విషయం. నాలుగు జవాబుల్లో ఒకటి నొక్కే పద్ధతిలో, నొక్కినది సరైనదైతే ఆ పిల్ల ఎలా ఆలోచించిందో ఎవరికీ తెలియదు. నేను ప్రతి విద్యార్థి చేతా ఒక ఫోన్‌ను నోటుపుస్తకం పైన నిలబెట్టించి, రాస్తున్న కాగితం నాకు కనబడేలా పెట్టిస్తాను. పిల్లలు ఏ మెట్టు దగ్గర కలం ఆపి ఆలోచిస్తున్నారు, ఏది రాసి కొట్టేశారు అన్నవే నాకు ముఖ్యం. ఆ ఏర్పాటు చేయగలరా అని ఆవిడను అడగండి. ఒకేసారి ఎంతమందికి చెబుతున్నారన్నది కూడా అడగండి. ఇద్దరు ముగ్గురు ఒకే స్థాయి పిల్లలైతే ఒకరి ప్రశ్న ఇంకొకరికి ఉపయోగపడుతుంది, ఇరవై మందైతే అది ఇంకొక తరగతి గదే.

మంచి మార్కులు ఖాయమన్న ప్రకటన గురించి ఎవరూ ఏమీ అనలేదు. పిల్లను చూడకముందే ఫలితానికి హామీ ఇచ్చేవారి దగ్గర, బాగా వచ్చే పిల్లలనే చేర్చుకుంటున్నారా అన్న అనుమానం నాకు ఎప్పుడూ ఉంటుంది.

అక్షరం_వెనక

నేర్చుకోవడంలో ప్రత్యేకమైన ఇబ్బందులున్న పిల్లలతో పనిచేస్తాను. ఈ అమ్మాయి విషయంలో అటువంటి సూచనలేవీ నాకు కనబడలేదు, కాని ఇది చదివే ఇతర తల్లిదండ్రుల కోసం రాస్తున్నాను. తోటిపిల్లలు ఎప్పుడో దాటేసిన వయసులో కూడా చిన్న చిన్న కూడికలకు వేళ్ళు లెక్కపెట్టడం, రెండు అంకెల్లో ఏది పెద్దదో వెంటనే చెప్పలేకపోవడం, గడియారం చూసి సమయం చెప్పలేకపోవడం, ఎన్నిసార్లు వల్లించినా ఎక్కాలు నిలవకపోవడం, ఇవన్నీ కలిసి చాలాకాలంగా ఉంటే అది డిస్కాల్క్యులియా కావచ్చు. చదవడంలో అటువంటి ఇబ్బందిని డిస్‌లెక్సియా అంటారు, అది ఉన్న పిల్లలకు లెక్క వచ్చినా, మాటల్లో ఇచ్చిన లెక్కలు చదివి అర్థం చేసుకోవడం దగ్గరే ఆగిపోతారు. ఇవి తెలివితక్కువతనం కాదు, సోమరితనం అంతకన్నా కాదు. నిపుణుల చేత పరీక్ష చేయించకుండా ట్యూషన్ మీద ట్యూషన్ మార్చుకుంటూ పోతే పిల్లకు తన మీద తనకు నమ్మకం పోవడమే మిగులుతుంది. మంచి బోధకులైతే కొద్ది వారాల్లోనే, ‘ఇది నా చేతిలో పని కాదు, ఒకసారి చూపించండి’ అని చెప్పగలుగుతారు.

ముందుచూపు

ఇందాక నేను పరీక్షల పక్షాన మాట్లాడాను, ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను. అయినా ఆ నమూనా క్లాసు వర్ణన చదివిన తరువాత ఇంజనీరింగ్ అమ్మాయి వైపే నేనూ మొగ్గుతాను, ఒక షరతు మీద. బడి పాఠ్యపుస్తకం, ఈ ఏడాది పరీక్షల సమయాలు ఆమె చేతిలో పెట్టి, వారంలో ఒక క్లాసు పూర్తిగా బడి పాఠానికి కేటాయించమనండి.

ఏడోతరగతి_అమ్మ

మేము కూడా ఆ అమ్మాయినే అనుకుంటున్నాము. మా అమ్మాయిని అడిగితే ‘ఆవిడైతే తిట్టదు’ అంది. అది మంచి కారణమో కాదో నాకు తెలియలేదు. మొదలుపెట్టేటప్పుడు ఏమేం మాట్లాడుకోవాలో చెప్పగలరా? ఇంకొక ఇబ్బంది కూడా వచ్చిపడింది. సంగతి తెలిసి, బడిలో లెక్కలు చెప్పే టీచరే తన దగ్గరకు పంపమని కబురు చేశారు. కాదంటే ఏమనుకుంటారో అని భయంగా ఉంది.

నిదానం

తిట్టరన్నది చాలా మంచి కారణమే అమ్మా. తప్పు చెప్పడానికి భయపడే పిల్ల తన తప్పును ఎవరికీ కనబడనివ్వదు, అప్పుడు నల్లబల్ల గారి మూడోరకం బోధకులకు కూడా పట్టుకోవడానికి ఏమీ దొరకదు.

మొదట్లో మాట్లాడుకోవలసినవి పెద్దగా లేవు, కాని నోటిమాటగా వదలకుండా ఒక కాగితం మీద రాసుకోండి. వారానికి ఎన్ని క్లాసులు, ఎవరైనా రాలేని రోజు ఎంత ముందుగా చెప్పాలి, ఆ క్లాసు డబ్బు ఏమవుతుంది, ఆమె పరీక్షల సమయంలో ఎలా అన్నవి. లక్ష్యం మాత్రం మార్కుల్లో పెట్టకండి. ‘రెండు నెలల్లో భిన్నాలు, దశాంశాలలో పోల్చడం, నాలుగు ప్రక్రియలు ఎవరి సాయం లేకుండా చేసి, ఎందుకలా చేసిందో చెప్పగలగాలి’ అన్నంత స్పష్టంగా ఉంటే, సాధించారో లేదో ఇద్దరికీ తెలుస్తుంది. నెలకొకసారి పిల్ల ఎదుట కాకుండా పావుగంట మాట్లాడుకోండి, వెనుకబెంచీ చెప్పిన మాట గుర్తుంచుకోదగినది. ఆ రెండు నెలల తరువాత కొనసాగించాలా అన్నది మళ్ళీ కొత్తగా నిర్ణయించుకోండి. వారానికి రెండు క్లాసులు అక్కర్లేదు అనిపిస్తే ఒకటికి తగ్గించండి, క్రమంగా అక్కర లేకుండా పోవడమే ట్యూషన్‌కు సరైన ముగింపు.

ఇక బడి టీచరు సంగతి. మార్కులు వేసే చేతికే ట్యూషన్ ఫీజు ఇవ్వడం ఎవరికీ మంచిది కాదు. ఆయన ఎంత నిజాయితీపరుడైనా, మీ అమ్మాయికి మంచి మార్కు వచ్చిన ప్రతిసారీ తోటిపిల్లలకు అనుమానం వస్తుంది, అది నిజంగా తను నేర్చుకుని తెచ్చుకున్నదేనా అన్నది మీకూ తెలియదు. చాలాచోట్ల ఈ కారణంగానే టీచర్లు తమ సొంత విద్యార్థులకు ట్యూషన్ చెప్పడం మీద ఆంక్షలున్నాయి. సూటిగా, మర్యాదగా చెప్పండి, వేరేవారితో ఇప్పటికే మాట్లాడుకున్నామని. ఆ మాటతో పాటు ఆయనను ఒక సాయం అడగండి, తరగతిలో తను గమనిస్తున్న తప్పులేవో అప్పుడప్పుడు ఒక చీటీ మీద రాసి పంపమని. ఆ చీటీ నేరుగా ఇంజనీరింగ్ అమ్మాయికి ఇవ్వవచ్చు.

ఏడోతరగతి_అమ్మ

అలాగే చేస్తాను. సోమవారం నుంచి మొదలుపెడుతున్నాము. కనురెప్ప గారు చెప్పిన నియమాలు చెబితే, తలుపు తెరిచే ఉంచమని అడగబోతున్నానని ఆ అమ్మాయే ముందు అంది.